ఇద్దరూ జరిగిన ఆదివారం

ఇన్నయ్య సార్‌కీ పరుశురాం సార్‌కీ పదకొండేళ్లుగా మాటల్లేవు. గొడవ ఎందుకొచ్చిందో చెబితే బయటివాళ్లు నవ్వుతారు. మా రేడియో వాళ్లు మాత్రం నవ్వరు. వాళ్లిద్దరూ హామ్ రేడియో మనుషులు. అంటే సర్కారు దగ్గర లైసెన్సు తీసుకుని, సొంతంగా కట్టుకున్న సెట్ల మీద, ఈ ఊరి నుంచి ఆ ఊరికి ఊరికే పలకరించుకునేవాళ్లు. చేతిలో ఫోను పెట్టుకుని ఇదేం పిచ్చి అని మీరు అడుగుతారని తెలుసు. మా ఆయన ఇరవై ఏళ్లుగా అడుగుతూనే ఉన్నాడు. నేను జవాబు చెప్పడం మానేశాను.

నా పేరు వాసంతి. యూనివర్సిటీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ టెక్నీషియన్ని. ఇల్లు తార్నాకలోనే. మా ల్యాబు మేడ మీద, నీళ్ల ట్యాంకు పక్కన ఒక గది ఉంది. దాన్ని రేడియో క్లబ్బు అంటారు. తాళంచెవి నా దగ్గర ఉంటుంది, పెత్తనం మాత్రం ఇన్నయ్య సార్‌ది. ఆయన ఇదే ల్యాబులో ముప్ఫై నాలుగేళ్లు మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. డెబ్బై నాలుగేళ్లొచ్చినా రోజూ సీతాఫల్‌మండి నుంచి నడిచొచ్చి, ఎవరెవరో తెచ్చిచ్చిన పాత సెట్లు ముందేసుకుని కూర్చుంటాడు. పని చేసేటప్పుడు ఆయన ఎడమ చెయ్యి ఎప్పుడూ ప్యాంటు జేబులోనే ఉంటుంది. గాజు గొట్టాల వాల్వు సెట్లలో ఆరు వందల వోల్టులు తిరుగుతుంటాయి. రెండు చేతులూ లోపల పెడితే కరెంటు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి గుండె మీదుగా పోతుంది. నేను కొత్తగా చేరిన వారంలో రెండు చేతులూ పెట్టబోతే స్క్రూడ్రైవర్ పిడితో మణికట్టు మీద ఒక్కటిచ్చాడు. ఆయన్ని ఆ రోజే నోటికొచ్చినట్టు తిట్టాను, ఆ రోజే గురువని ఒప్పుకున్నాను.

పరుశురాం సార్ రైల్వేలో టెలిఫోన్ మెకానిక్. అప్పట్లో మెట్టుగూడ క్వార్టర్స్‌లో ఉండేవాడు. ఇద్దరూ కలిసి ఎనభై నాలుగులో మా ల్యాబులోనే రెండు ట్రాన్స్‌మిటర్లు కట్టారు. ఒకటే డ్రాయింగు, ఒకటే అల్యూమినియం రేకు. ట్రాన్స్‌ఫార్మర్లు కూడా చేత్తో చుట్టుకున్నారు. ఆ సెట్లు ఏఎం అనే పాత పద్ధతివి. మిగతా హాములందరూ ఎప్పుడో కొత్త పద్ధతికి మారిపోయారు. అందులో తక్కువ కరెంటుతో మాట ఎక్కువ దూరం పోతుంది గానీ గొంతు ముక్కుతో మాట్లాడినట్టు వస్తుంది. ఏఎంలో అలా కాదు. దగ్గూ, నవ్వూ, కుర్చీ కిర్రుమనడం, వెనక ఎవరో గిన్నె పడేయడం, అన్నీ ఉన్నవి ఉన్నట్టు వినిపిస్తాయి. రిటైరయ్యాక పరుశురాం సార్ ఆదిలాబాద్‌లో టీచరు చేస్తున్న కూతురు నవత దగ్గరికి వెళ్లిపోయాడు. సెట్టు కూడా వెంట వెళ్లింది. ప్రతి ఆదివారం పొద్దున ఎనిమిదికి ఇక్కడి నుంచి ఈయన, అక్కడి నుంచి ఆయన కూర్చునేవాళ్లు.

ఇప్పుడు ఆ గొడవ సంగతి. వాల్వు సెట్లు వేడెక్కేకొద్దీ ఫ్రీక్వెన్సీ కొంచెం కొంచెంగా పక్కకు జరుగుతుంది. అందుకే మాలో ఒక కట్టుబాటు ఉంది. ఎదుటివాడు జరిగితే నీ రిసీవర్ ముల్లు తిప్పుకుని వాణ్ని వెతుక్కో, అంతేగానీ నీ ట్రాన్స్‌మిటర్‌ని మాత్రం వాడి వెనక జరపకు. ఇద్దరూ ఒకరి వెనక ఒకరు జరపడం మొదలుపెడితే ఇద్దరూ కలిసి ఎక్కడికి పోతారో వాళ్లకే తెలియదు. పదకొండేళ్ల కిందట ఒక ఆదివారం, నవత పెళ్లి వంటల ముచ్చట్లో పడి ఈ పెద్దమనుషులిద్దరూ ఆ కట్టుబాటు మరిచిపోయారు. ఈయన ఇంత జరిగితే ఆయన వెంట జరిగాడు, ఆయన జరిగితే ఈయన జరిగాడు. అరగంటకల్లా నడుచుకుంటూ పోయి వేరే వాళ్లు మాట్లాడే ఫ్రీక్వెన్సీ మీద కూర్చున్నారు.

ఆ వేరే వాళ్లు ఎవరంటే, శ్రీకాకుళం వైపు తుఫాను పనిలో ఉన్న హాములు. ఫోన్లు పడిపోయి, ఏ ఊరికి ఏ మందులు కావాలో రేడియోలో చదివి రాసుకుంటున్నారు. వాళ్ల మీద వీళ్ల మటన్ ముచ్చట పడింది. రెండూ గట్టి సిగ్నళ్లే. పన్నెండు నిమిషాల పాటు అక్కడ ఒక్క పేరు కూడా ఎవరికీ అందలేదు. ఎవరో పక్కనుంచి అరిచి చెప్పేదాకా వీళ్లకు తెలియదు. మందుల జాబితా మళ్లీ మొదటి నుంచి చదివారు, నష్టమేం జరగలేదు. కానీ దేశంలో ఉన్న హాములందరి చేతా తిట్లు తిన్నారు. తర్వాత గాలిలోనే, అందరూ వింటుండగానే, నువ్వు జరిగావంటే నువ్వు జరిగావని కొట్టుకున్నారు.

"నా సెట్టు బండ. బండ జరుగుతదా? వాడే నన్ను గుంజుకపోయిండు," అనేవాడు ఇన్నయ్య సార్ ఎవరడిగినా. ఆ వారమే తన సెట్టు మీద పాత దుప్పటి కప్పేశాడు. మళ్లీ ఆన్ చేయలేదు. లైసెన్సు మాత్రం టైముకు రెన్యూవల్ చేయించుకుంటూ వచ్చాడు. మాట్లాడని మనిషికి లైసెన్సెందుకు సార్ అని ఒకసారి అడిగితే, నీ పని చూసుకోమన్నాడు.

మొన్న అక్టోబరులో ఒక బుధవారం నాకు నవత ఫోన్ చేసింది.

"అక్కా, నాన్నకు గొంతుల క్యాన్సర్. వచ్చే మంగళవారం నాగ్‌పూర్‌ల ఆపరేషన్. వాయిస్ బాక్స్ మొత్తం తీసేస్తరట. ఇగ మాట రాదన్నరు."

నేను ఫోను పట్టుకుని వరండాలోకి వచ్చాను. ఆమే మళ్లీ అందుకుంది.

"ఆదివారం ఎనిమిదింటికి ఇన్నయ్య మామతోని మాట్లాడుతడట. రేడియోల. మంచం కిందికెళ్లి సెట్టు తీసిండు, రెండు రోజులసంది దాని ముంగటనే కూసున్నడు. గొంతు ఉండంగనే ఒక్కసారి మాట్లాడాలె అంటున్నడు."

"ఫోన్ చేయొచ్చు గద నవతా?"

"మూడుసార్లు చేసిండక్కా. గొంతు వినంగనే మామ పెట్టేస్తున్నడు. రేడియోల అట్ల పెట్టేయరాదు గద అంటున్నడు నాన్న."

నిజమే. కాల్‌సైన్ పెట్టి, అంటే లైసెన్సులో ఇచ్చిన గుర్తు అక్షరాలతో, పేరు పెట్టి పిలిస్తే జవాబివ్వకుండా కూర్చోవడం మాలో లేదు. పిలిచినవాడు శత్రువైనా సరే. పరుశురాం సార్ బాగా ఆలోచించే అన్నాడు. కానీ సెట్టు దుప్పటి కింద ఉంటే ఎవరు పిలిచినా వినిపించేదెట్లా? నేను మెట్లు రెండేసి చొప్పున ఎక్కి పైకి వెళ్లాను.

"పరుశురాం సార్ ఫోన్ ఎందుకు పెట్టేసిన్రు సార్?"

ఆయన తలెత్తలేదు. ఎవరిదో ట్రాన్సిస్టర్ మూత బిగిస్తున్నాడు. నేను నవత చెప్పిందంతా చెప్పాను. క్యాన్సర్ అన్నప్పుడు స్క్రూ తిప్పడం ఆపాడు. మంగళవారం అన్నప్పుడు స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. తర్వాత మళ్లీ తీసుకున్నాడు.

"ముందుగాల వాడు ఒప్పుకోవాలె, జరిగింది నేనే అని. అప్పుడు చూద్దాం."

నాకు ముక్కు మీదే కోపం ఉంటుందని మా అత్తగారు అంటుంది. ఆ రోజు అది ముక్కు మీద ఆగలేదు. "మనిషి గొంతు కోస్తున్నరంటే మీకు కిలోహెర్ట్జ్‌ల లెక్క కావాల్నా?" అని అరిచాను. నీళ్ల ట్యాంకు మీద పావురాలు లేచిపోయాయి. ఆయన గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు. వర్షం లేదు, ఎండా లేదు, ఆ గొడుగెందుకో ఆయనకే తెలియాలి.

గురువారం పొద్దున నేను వెళ్లేసరికి గది ముందు నిలబడి ఉన్నాడు. తాళం తీయగానే లోపలికి పోయి దుప్పటి లాగేశాడు. అంత దుమ్ము నేను ఇల్లు కడిగినప్పుడు కూడా చూడలేదు.

"సెట్టు ఖరాబు కావొద్దని చూస్తున్న. వాని కోసం కాదు," అన్నాడు.

"నేనేమన్నా అన్ననా సార్?" అన్నాను.

పదకొండేళ్లు కరెంటు మొహం చూడని సెట్టును ఒక్కసారిగా ఆన్ చేస్తే లోపలి కండెన్సర్లు పేలిపోతాయి. అందుకని పాత మెకానిక్కులు మెయిన్‌కూ సెట్టుకూ మధ్య ఒక బల్బు పెడతారు. దాన్ని సీరీస్ బల్బు అంటారు. లోపల తప్పుంటే బల్బు భగ్గున వెలుగుతుంది, సెట్టు బతుకుతుంది. ముందు నలభై వాట్ల బల్బు పెట్టాం, రెండు గంటల తర్వాత వంద, మధ్యాహ్నానికి రెండు వందలు. రెండు పెద్ద కండెన్సర్లు వేడెక్కితే తీసి కొత్తవి వేశాం. వాల్వుల కాళ్లకు పట్టిన చిలుమును ఇసుక కాగితంతో గీకింది నేనే. సాయంత్రానికి వాల్వుల్లో ఎర్రటి వెలుగొచ్చింది. సార్ ముఖం మీద కూడా వచ్చింది గానీ ఆ మాట అంటే దుప్పటి మళ్లీ కప్పేసేవాడు.

శుక్రవారం మాట పరీక్ష. గాలిలోకి పంపకుండా, ఏరియల్ పెట్టాల్సిన చోట ఇంకో బల్బు పెట్టి చూస్తారు. సార్ మైకు నొక్కాడు, బల్బు సన్నగా వెలిగింది. "హలో, హలో, ఒకటి, రెండు" అంటుంటే ఆయన గొంతుతో పాటు బల్బు ఎగసింది, తగ్గింది. అది చూస్తుంటే నాకు ఇన్నేళ్లయినా ముచ్చటే. అంతా బాగుందనుకుని ఆయన టీకి కిందికి వెళ్లాడు. నేను ఊరుకోవచ్చు కదా. బీరువాలోంచి ఫ్రీక్వెన్సీ కౌంటర్ తీసి తగిలించాను. సెట్టు సరిగ్గా ఏ ఫ్రీక్వెన్సీ మీద ఉందో అంకెల్లో చూపించే చిన్న డబ్బా అది. సార్‌కు అదంటే పడదు. చెవి ఉన్నవాడికి అంకెలెందుకంటాడు.

ఆయన తిరిగొచ్చేసరికి నేను ఆ అంకెలను చూస్తూ కూర్చున్నాను. అరగంటలో సెట్టు నాలుగు కిలోహెర్ట్జ్‌లు జరిగింది. ఇంకా జరుగుతూనే ఉంది. బండ నడుస్తోంది.

"సార్, జరిగేది మీ సెట్టే," అన్నాను.

నెమ్మదిగా చెప్పాల్సింది. తెలుసు. నోరు జారింది. ఆయన అంకెలను చూడను కూడా లేదు. సెట్టు స్విచ్ ఆపేశాడు, టీ కప్పు కిటికీలో పెట్టాడు, వెళ్లిపోయాడు. ఈసారి గొడుగు మరిచిపోయాడు.

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. ఆయన ఇక రాడనుకున్నాను. నిజం చెప్పి నేనేం బావుకున్నాను? ఇంకో రెండు రోజులు ఆ డబ్బా బీరువాలోనే ఉంటే ఏం పోయేది? అక్కడ ఒక మనిషి ఉన్న గొంతు కాస్తా పట్టుకుని ఆదివారం కోసం కూర్చున్నాడు. ఇక్కడ నేను లెక్క తప్పులు పట్టాను.

శనివారం సెలవు. అయినా ఏడున్నరకే వెళ్లాను. ఇన్నయ్య సార్ మేడ మెట్ల మీద, మూసి ఉన్న తలుపు ముందు కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చాడు. కూర్చున్నాను.

"నాకు ఎర్కే బిడ్డా," అన్నాడు.

"ఏంది సార్?"

"నా సెట్టు జరుగుతదని. ఆ సోమవారమే ఎర్కైంది. మూత తీసి చూసిన. అంతకుముందు వారం లోపల ఒక కండెన్సర్ పోయింది. వేడికి జరగని మైకా కండెన్సర్ ఎయ్యాలె, దొరకలే. ఆదివారం మాట్లాడకుంట ఉండలేను గద. పాత టీవీలకెళ్లి తీసి ఒకటి ఏసిన. సోల్డరింగ్ ఐరన్ దాని దగ్గరికి తీసుకపోతే చాలు, జారుడే జారుడు."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలే?"

"ఏమని చెప్పాలె? సెట్టు గిట్ల కట్టాలె, గిట్ల కట్టొద్దని వానికి నేర్పిందే నేను. అందరి ముంగట వాణ్ని దొంగను చేసిన. తెల్లారి ఎర్కైనంక నోరు రాలే. ఒక వారం పోయింది. నెల పోయింది. ఎన్ని రోజులైతే అంత కష్టమైతది బిడ్డా." తలుపు తాళం వైపు చూశాడు. "వాడు ఫోన్ చేస్తే కోపంతోని పెట్టేయలే. సిగ్గుతోని పెట్టేసిన."

పదకొండేళ్లుగా పంతమనుకున్నది సిగ్గని నాకప్పుడు తెలిసింది. కోపమొచ్చిందా జాలేసిందా అంటే రెండూ. జాలే ఎక్కువ. నేను లేచి తాళం తీశాను.

క్లబ్బులో పాత సామాను డబ్బాలు పదహారున్నాయి. పన్నెండో డబ్బాలో, నిరుడు ఎవరో ఇచ్చిపోయిన మిలటరీ రిసీవర్ లోపల, సరైన మైకా కండెన్సర్ దొరికింది. సార్ ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని టీవీ కండెన్సర్ ఊడదీశాడు, మైకాది అతికాడు. తర్వాత తనే నా కౌంటర్ తెచ్చి తగిలించుకుని, కుర్చీ లాక్కుని, గంటసేపు ఆ అంకెల ముందు కూర్చున్నాడు. చివరి అంకె కూడా కదలలేదు. "మంచిదే ఈ డబ్బా," అన్నాడు. ఇన్నేళ్లలో నాకు దక్కిన మెచ్చుకోలు అదొక్కటే, అది కూడా డబ్బాకు.

ఆదివారం ఎనిమిదికి పదిహేను నిమిషాల ముందే అన్నీ వేడెక్కి ఉన్నాయి. సార్ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. ఆయన భార్య సారలమ్మ గారు చర్చికి ఒక్కతే వెళ్లిందట. అది కూడా పదకొండేళ్ల తర్వాత మొదటిసారి. నేను ఫోన్‌లో రికార్డు చేస్తానంటే ఒప్పుకోలేదు. "దాసుకుని తర్వాత ఇందామనుకుంటే ఇప్పుడు ఇనం," అన్నాడు.

ఎనిమిదయింది. రిసీవర్‌లో హోరు తప్ప ఏమీ లేదు. మామూలు హోరు కాదు, జలపాతం పక్కన కూర్చున్నట్టుంది. ఎనిమిదీ అయిదు. ఎనిమిదీ పది. సార్ ముల్లు ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. హోరు అడుగున ఎక్కడో ఒక మనిషి ఉన్నట్టే ఉంది, మాట మాత్రం పైకి రావడం లేదు.

"పిలుస్తున్నడు," అన్నాడు సార్. "వాడు పిలుస్తున్నడు, నాకు ఇనబడ్తలేదు."

నాకు అప్పుడు తట్టింది. కింద కారిడార్లో మొన్న దసరా సెలవుల్లో కొత్త ఎల్‌ఈడీ లైట్లు పెట్టారు. ఆ చవక లైట్లు వెలుగుతో పాటు రేడియోలోకి చెత్త కూడా పోస్తాయి. నేను మెట్లు దిగి పరిగెత్తాను. వాచ్‌మన్ బిక్షం మెయిన్ పక్కనే కూర్చుని పేపరు చదువుతున్నాడు.

"బిక్షం, కారిడార్ మెయిన్ ఆపు."

"ఎందుకు మేడం? కంప్లైంట్ ఇచ్చిన్రా? సూపర్‌వైజర్‌ను అడగాలె గద..."

ఆయన వాక్యం అయ్యేలోగా నేనే ఆపేశాను. మా గదికి వేరే లైను కాబట్టి సరిపోయింది. తిరిగి పైకి పరిగెత్తితే, నలభై ఎనిమిదేళ్ల మోకాళ్లు నన్ను తిట్టాయి. గుమ్మంలో అడుగు పెట్టేసరికి హోరు సగానికి పడిపోయింది. ఇంకొక క్షణానికి అది కూడా అణిగింది. సిగ్నల్ బలం చూపించే మీటరు ముల్లు లేచింది. ఏఎంలో అంతే. మాట కంటే ముందు, మాట లేకపోయినా, ట్రాన్స్‌మిటర్ ఆన్‌లో ఉన్నంతసేపూ అవతలి నుంచి ఒక తరంగం వస్తూనే ఉంటుంది. అది రాగానే హోరు తలుపు మూసినట్టు ఆగిపోతుంది.

తర్వాత గొంతు వచ్చింది. బొంగురుగా, గాలి ఎక్కువ మాట తక్కువగా, అయినా పక్క కుర్చీలో కూర్చున్నంత దగ్గరగా. ముందు ఇన్నయ్య సార్ కాల్‌సైన్, తర్వాత తన కాల్‌సైన్, ఆ తర్వాత, "ఇన్నయ్యా. ఉన్నవా రా? ఓవర్."

సార్ మైకు పట్టుకున్నాడు గానీ నొక్కలేదు. నేను ఆయన భుజం మీద గట్టిగా ఒక్కటేశాను. నొక్కాడు.

"ఉన్న రా," అన్నాడు. కాల్‌సైన్ చెప్పడం కూడా మరిచి మళ్లీ చెప్పాడు. "పరుశురాం, ముందుగాల ఒక మాట ఇను. ఆ ఆదివారం జరిగింది నేను. నా సెట్టే. తెల్లారే ఎర్కైంది నాకు. నీ మీద పెట్టి కూసున్న. తప్పు నాదిరా. మాఫ్ చెయ్యి. ఓవర్."

అవతల నవ్వు, నవ్వుతో పాటు దగ్గు. దగ్గు చాలాసేపు ఆగలేదు. వెనక నవత, "నీళ్లు తాగు నాన్నా," అనడం కూడా వినిపించింది.

"నాకు ఎర్కేరా," అన్నాడు పరుశురాం సార్. "నువ్వు జరుగుతున్నవని ఐదు నిమిషాలకే ఎర్కైంది. చెప్తే నీకు కోపమొస్తదని చెప్పలే. నిన్ను ఒక్కన్నే పోనియ్యబుద్ధి కాలే, ఎంబడి వచ్చిన. కట్టుబాటు ఎర్కుండి తప్పింది నేను. సగం నాది, సగం నీది. ఇగ ఆ ముచ్చట బంజెయ్. ఓవర్."

ఇన్నయ్య సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. నేనూ ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

ఆ తర్వాత ముప్పావు గంట మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడారని అడిగితే, ఏమీ లేదు. ట్రాన్స్‌ఫార్మర్ చుడుతూ వెయ్యీ నూటనలభై చుట్లు లెక్కపెట్టాక సారలమ్మ గారు అన్నానికి పిలిస్తే లెక్క మరిచిపోయి మొత్తం విప్పింది. మెట్టుగూడ క్వార్టర్ల కొళాయి దగ్గర కొట్లాటలు. నవత పెళ్లిలో మటన్‌లో ఉప్పెక్కువైందా లేదా అన్నది పదకొండేళ్ల కిందట ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మొదలైంది. మధ్యలో పరుశురాం సార్ సెట్టు జరగడం మొదలుపెట్టింది. అదీ పదకొండేళ్లు మంచం కిందే ఉంది పాపం. ఆయనకు తెలిసి ఆగబోయాడు.

"నువ్వు సెట్టు ముచ్చట పట్టించుకోకు," అన్నాడు ఇన్నయ్య సార్. "నువ్వు మాట్లాడు. ఎంత దూరం జరిగితే అంత దూరం జరుగు. నేను ఈడనే ఉంట. రిసీవర్ తిప్పుకుంట వస్త."

కుడి చేత్తో ముల్లు తిప్పుతూనే ఉన్నాడు, వెంట్రుకవాసి చొప్పున. గొంతు రానురాను సన్నబడింది. చివరికి పరుశురాం సార్, "నా సిగ్నల్ రిపోర్ట్ ఇయ్యిరా. గొంతు ఎట్లున్నది?" అని అడిగాడు. స్పష్టతకు అయిదు, బలానికి తొమ్మిది అన్నది మా లెక్క. అంతకంటే పైన లేదు. నేను మీటరు చూశాను. ముల్లు ఆరు దగ్గరుంది. స్పష్టత మూడుకు మించదు.

"అయిదు, తొమ్మిది," అన్నాడు ఇన్నయ్య సార్. "ఇంత మంచిగ ఎన్నడు రాలేరా." తప్పుడు రిపోర్టు ఇచ్చినవాణ్ని గది నుంచి వెళ్లగొట్టే మనిషి ఆయన.

ఆపరేషన్ బాగానే జరిగింది. పరుశురాం సార్ పలక మీద రాసి చూపిస్తున్నాడనీ, ఎక్కువగా టీ కావాలనే రాస్తున్నాడనీ నవత మెసేజ్ పెట్టింది. తర్వాతి ఆదివారం ఇన్నయ్య సార్ సెట్టు ఆన్ చేసి గంట కూర్చుని వెళ్లాడు. ఆ తర్వాతి ఆదివారమూ అంతే. మాట రాని మనిషి కోసం ఎందుకు సార్ అని నోటి దాకా వచ్చింది. జీవితంలో ఒక్కసారైనా నోరు మూసుకోవాలనిపించి మూసుకున్నాను. కారిడార్ మెయిన్ మాత్రం ఏడున్నరకే ఆపుతున్నాను. బిక్షం అడగడం మానేశాడు.

నాలుగో ఆదివారం, ఎనిమిదింటికి, హోరు ఆగింది.

నేను కౌంటర్ దగ్గర నుంచి లేచాను. హోరు మళ్లీ వచ్చింది. ఆగింది. కొంచెంసేపు ఆగింది, ఎక్కువసేపు ఆగింది, మళ్లీ కొంచెంసేపు. ఎవరో మైకు బటన్ నొక్కుతున్నారు, వదులుతున్నారు. సార్ పెన్సిల్ తీసుకుని, వినిపించని చోట్లను వింటూ, కాగితం అంచు మీద మూడక్షరాలు రాశాడు. పరుశురాం సార్ కాల్‌సైన్ చివరి మూడక్షరాలు. పొట్టి నొక్కు, పొడుగు నొక్కులతో చెప్పే మోర్స్ అక్షరాలు. తర్వాత బటన్ నొక్కి వదల్లేదు. గది అంతా నిశ్శబ్దమైంది. మీటరు ముల్లు లేచి నిలబడింది, తరంగం మెల్లగా పక్కకు జరగడం మొదలుపెట్టింది. సార్ డయల్ పట్టుకుని దాని వెంట తిప్పుతూ కూర్చున్నాడు.

ఒక నిమిషం. రెండు. "జవాబియ్యున్రి సార్," అన్నాను గుసగుసగా.

ఆయన చెయ్యెత్తి ఆపాడు. "ఆగు బిడ్డా. మాట్లాడుతున్నడు."

మూడు నిమిషాలకు హోరు తిరిగొచ్చింది. అవతలివాడు బటన్ వదిలాడు, తన వంతు అయిందని. ఇన్నయ్య సార్ మైకు దగ్గరికి జరుపుకుని, ఇద్దరి కాల్‌సైన్‌లూ పూర్తిగా, తీరిగ్గా చెప్పాడు.

"రోజర్, పరుశురాం. మొత్తం ఇనబడ్డది. ఒక్క ముక్క పోలే. ఇప్పుడు నేను చెప్త, ఇను."